బాంబుల కోసం పుట్టిన మీటరు

నేను ఒక రేడియేషన్ మీటరును. నన్ను ఈ ఇంటి బల్ల మీద పెట్టేసరికే తగువు సగానికి వచ్చింది.

"డాక్టరు పదిరోజులు దూరంగా ఉంచమన్నాడు. రెండు నెలలైంది. ఇంకా ఆవిడ ఆ గదిలోనే పడుండాలా?" అంటోంది ఇందుమతి.

"పిల్ల తిరిగే ఇల్లు. డాక్టర్లకేం, చెప్పి పోతారు," అన్నాడు ఆమె భర్త పాపారావు.

వెనకగదిలో ఉన్నది ఆయన తల్లి అప్పలనరసమ్మ. థైరాయిడ్ కాన్సర్ ఆపరేషను తరవాత ఆమెకు రేడియో అయోడిన్ మందు ఇచ్చారు; అది వేసుకున్నవాళ్ల ఒంట్లోంచి కొన్నాళ్లు రేడియేషన్ వస్తుంది. అప్పట్నుంచి అన్నం గడప అవతల నుంచే లోపలికి జరుగుతోంది. మనవరాలు తలుపు సందులోంచి కబుర్లు చెబుతుంటే తండ్రి చెయ్యి పట్టి లాక్కుపోతాడు.

ఇందుమతిది విశాఖ రేవులో గేటు డ్యూటీ. అక్కడ నన్ను పట్టుకు తిరిగేది ఆవిడే. సూట్‌కేసులో పట్టే అణుబాంబును ఎవడో దొంగతనంగా దించుతాడని, దాన్ని కనిపెట్టడానికి నన్ను తయారుచేశారు. ఇన్నేళ్లలో ఒక్క బాంబూ రాలేదు. రాతిలో పుట్టుకతో ఉండే కాస్త రేడియేషన్‌కే గ్రానైటు లారీలకు కూశాను, టైల్సుకు కూశాను. ఒకసారి ఇలాంటి మందే వేసుకున్న డ్రైవరుకు కూస్తే, అతణ్ణి ఎండలో మోకాళ్ల మీద కూర్చోబెట్టారు. నిజం చెప్పనా? దిట్టంగా సీసం తొడిగితే, అసలు బాంబు నా ముందు నుంచి పోయినా నాకు తెలియకపోవచ్చు. పేలాక మాత్రం, మిగిలిన బూడిద చూసి ఆ సరుకు ఏ దేశపు కొలిమిలో పుట్టిందో పెద్ద ప్రయోగశాలలు చెప్పగలవట. ఊరు పోయాక దొంగ ఆచూకీ! అయినా మనుషులకు నా మీద ఉన్న గురి కన్నతల్లి మీద ఉండదు.

"మీ అమ్మ మాట వినరు, డాక్టరు మాట వినరు, నా మాట సరేసరి. ఇది చెబితే నమ్ముతారా?" రేపు సర్వీసింగుకు ఇవ్వాల్సిన నన్ను ఇందుమతి చేతిలోకి తీసుకుంది.

"ఆ, అది చెబితే నమ్ముతాను."

అప్పలనరసమ్మ మంచం మీద కూర్చుని మెడ చాచింది. "పెట్టమ్మా, పెట్టు. ఏం బాంబు దాచుకున్నానో నీ మొగుడు కూడా చూస్తాడు."

నేను కిక్కురుమనలేదు. వంటింట్లోకి తీసుకెళ్లి, వీళ్లు రోజూ చపాతీలు ఒత్తుకునే గ్రానైటు గట్టు మీద పెడితే మాత్రం చిన్నగా కూశాను.

పాపారావు ముఖం విప్పారింది. "అమ్మా, ఏం లేదే నీకు! రా, అందరం కలిసి భోంచేద్దాం."

మనవరాలు పరిగెత్తి నానమ్మ ఒళ్లో పడింది. ఆమె పిల్ల జుట్టు నిమురుతూ, గొంతు పెంచకుండానే అందరికీ వినబడేలా చెప్పింది:

"రేపు పొద్దున్న బస్సుకి పార్వతీపురం పోతన్నాను. ఇకమీదట మా చెల్లి ఇంట్లోనే ఉంటాను. మందేసుకున్ననాడే రమ్మంది. కొడుకున్నాడు కదే, నువ్వెందుకు అన్నాను."