కొక్కురి వెళ్లనంది

"రిలే వాళ్లంతా గేటు దగ్గరికి రావాలి," అని మైదానంలో మైకు రెండోసారి పిలిచింది.

మూడో అంతస్తులో, తలుపు మూసిన తరగతి గదిలో, ఎర్ర జట్టుకి చివరి పరుగు తీయాల్సిన ఇబుకి కదల్లేక కూర్చుంది. బల్ల మీద కాగితం. దాని నిండా అక్షరాలు, పైన ఎర్ర సిరాతో గీసిన గుడి ద్వారం, ద్వారానికి అటూ ఇటూ 'ఔను', 'కాదు'. పది యెన్ల నాణెం మీద మూడు చూపుడు వేళ్లు: ఇబుకిది, మదోకాది, కనాయెది.

భోజనాల వేళ సరదాగా మొదలుపెట్టిన ఆట. పిలవగానే వచ్చిన కొక్కురి దయ్యం ఇప్పుడు పోనంటోంది. అది ద్వారంలోకి తిరిగి వెళ్లేలోపు వేలు తీసినవాళ్లని పట్టుకుంటుందని బడిలో ప్రతి పిల్లకీ తెలుసు.

"కొక్కురి గారూ, దయచేసి వెళ్లిపోండి," అంది మదోకా, ఏడోసారి.

నాణెం జర్రున జారి 'కాదు' మీద ఆగింది.

"మళ్లీ పిలవంలెండి. ఒట్టు."

"నీ మొహం. దయ్యంతో బేరాలా?" అంది కనాయె. "ఇబుకీ, నువ్వడుగు. దానికి నీమీదే మోజులా ఉంది."

నిరుడు ఇదే పరుగులో ఒకరి చేతినుంచి ఒకరు అందుకునే బేటన్ కర్ర ఇబుకి చేతిలోంచే జారింది. జట్టు ఓడింది. ఈసారి గెలిపిస్తానని పట్టుబట్టి మరీ చివరి స్థానం తీసుకుంది. తను లేకపోతే జట్టుకి పోటీయే లేదు.

"ఎర్ర జట్టు ఇబుకి ఎక్కడ?" అంది మైకు.

"ఎవరో తోస్తున్నారే. చెప్పండి, ఎవరు?" అంది ఇబుకి.

"నేను కాదు," అంది మదోకా.

"నేనూ కాదు. గోళ్లు చూద్దాం. నొక్కేవాళ్ల గోరు తెల్లబడుతుంది," అంది కనాయె.

ముగ్గురూ వంగి చూశారు. రెండు గోళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. మూడోది సున్నం కొట్టినట్టుంది.

ఇబుకిది.

"భయమేస్తోందా?" అంది కనాయె మెల్లగా.

"మళ్లీ జారితే?"

"జారితే వంగి తీసుకో. నిరుడు తీసుకోకుండా నిలబడిపోయావ్. మేం ఏడ్చింది దానికే."

ఇబుకి ఊపిరి వదిలింది. గోటిలోకి నెత్తురు తిరిగొచ్చింది. "కొక్కురి గారూ, నాకు పనుంది. వెళ్లిరండి."

నాణెం తిన్నగా ద్వారంలోకి పోయి ఆగింది. మరుక్షణం ఇబుకి మెట్ల మీద ఉంది, తలకి ఎర్ర పట్టీ బిగించుకుంటూ, మూడేసి మెట్లు దూకుతూ.

గీత మీద నిలబడి చెయ్యి వెనక్కి చాచింది. బేటన్ అరచేతిలో పడింది. జారింది. దుమ్ములో దొర్లింది.

ఇబుకి వంగి తీసుకుంది.

తెల్ల పట్టీ కట్టుకున్న అవతలి జట్టు పిల్ల ఎనిమిది అంగల ముందుంది. ఏడు. ఆరు.