లిఫ్టు బాబాయ్ ఫోను మోగలేదు

లిఫ్టు పెట్టె నెత్తిమీద చతికిలబడి ఆయన పట్టాలకు నూనె పూస్తున్నాడు. పళ్ళమధ్య టార్చిలైటు. చుట్టూ నాలుగు గోడలు, బొటనవేలంత లావు ఇనప తాళ్ళు, పాత నూనె వాసన. ఆయన జీవితంలో సగం ఇలాంటి సందుల్లోనే గడిచింది.

చాలామందికి ఆయన ముఖం గుర్తుండదు. గొంతు గుర్తుంటుంది. లోపల ఇరుక్కుని చెమటలు కక్కుతున్నవాళ్ళకి, "భయపడకండి, వచ్చేశాను" అని వినిపించే గొంతు. తలుపు తెరుచుకున్నాక ఎవరూ ఆయన వంక చూడరు. కొందరు గాలికోసం పరుగెడతారు, కొందరు బాత్రూముకి. ఆయనకేం బాధ లేదు. "పరిగెత్తారంటే బాగున్నట్టేగా" అని నవ్వేస్తాడు. అందరికీ ఆయన లిఫ్టు బాబాయ్. ఇంట్లో ఆవిడకు కోపమొస్తే మాత్రం "ఏవండోయ్ లిఫ్టుగారూ!"

చేతులు తుడుచుకుంటూ అయిదో అంతస్తులో బయటికొచ్చేసరికి టీచరమ్మ లిఫ్టుమీంచి చూపు తిప్పకుండా గుమ్మంలో నిలబడి ఉంది. పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. వెనకాల హాలంతా కట్టిన అట్టపెట్టెలు. ఇవాళే ఇల్లు ఖాళీ చేసి, మెట్లు లేని చెల్లెలింటికి వెళ్ళిపోతోంది.

"ఏమయ్యా, మా చెల్లెలు కారు తెస్తుంది. ఎప్పుడొస్తుందో దానికే తెలీదు. రాగానే నీకు ఫోన్ చేస్తా. నువ్వు పక్కనుంటేనే లిఫ్టెక్కుతా."

"నేను లేకపోయినా బానే నడుస్తుంది టీచరమ్మా."

"మొన్నా అదే చెప్పావు."

మొన్న మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆవిడ ఇరుక్కుపోయింది. వాచ్‌మన్ ఫోన్ చేసి చేసి అలిసిపోయాడు. అంతసేపూ ఆ ఫోను ఈయన చొక్కా జేబులోనే ఉంది. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. ఒక్కసారీ మోగలేదు. వేరే పనిమీద అటుగా వచ్చాడు కాబట్టి సరిపోయింది.

"ఇవాళ మోగుతుందా?" అంది టీచరమ్మ. "మోగకపోతే చెప్పెయ్. మెట్లు దిగుతా."

ఆ మోకాళ్ళతో ఆవిడ హాల్లోంచి గుమ్మం దాకా రావడమే గగనం. అయిదంతస్తులు!

"మోగుతుంది" అన్నాడు ఆయన. అనేశాక జేబులో ఫోను తడుముకున్నాడు.

పొద్దున ఇంట్లో ఆవిడ ఫోను అడిగి చూశాడు. "నా ప్రాణం అడగండి, ఇస్తాను. ఫోను అడక్కండి" అంది. ఇక మిగిలిన దారి ఒక్కటే. కొన్నచోటికే వెళ్ళాలి.

ఫోన్ల షాపు బజారులో ఓ భవనం రెండో అంతస్తులో ఉంది. ఫోను ఖరీదూ కాల్స్ ఖర్చూ కలిపి నెలనెలా ఒకే బిల్లు, రెండేళ్ళ ఒప్పందం. కొని రెండు వారాలు కాలేదు, ఇప్పటికే ఆయన ఈ షాపు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. వచ్చిన ప్రతిసారీ కౌంటర్లో అమ్మాయి ఆ నంబరుకి డయల్ చేయడం, ఫోను కోయిలలా కూయడం, ఈయన తెల్లమొహం వేయడం. ఇదే వరస.

ఇవాళ మేనేజరు ముందే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మళ్ళీనా? చూడండి, ఫోను తయారుచేసింది మేం కాదు. కంపెనీకి పంపుతాం. మూడు వారాలు పడుతుంది. ఈలోగా బిల్లు మాత్రం మామూలే."

"నేను కొన్నది మీ దగ్గర కదండీ. కంపెనీవాళ్ళు నాకేం చుట్టాలా?"

"ఒప్పందం వదిలేస్తానంటే మిగతా నెలలన్నీ కట్టి..."

"సార్, ఒక్క నిమిషం" అని కౌంటర్ అమ్మాయి అడ్డొచ్చింది. ఆమె కళ్ళు బాబాయ్ చేతిలో ఫోనుమీద ఉన్నాయి. "బాబాయ్, ఏం చేస్తున్నారు?"

"ఆపి మళ్ళీ వేస్తున్నానమ్మా."

"ఎందుకు?"

"అలవాటు. ఏ లిఫ్టయినా మొరాయిస్తే ముందు ఆపి మళ్ళీ వేస్తాం. ఆ తర్వాతే తాళ్ళూ తలుపులూ."

"ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ ఇలాగే చేశారా?"

"మరి? చెడిపోయిందాన్ని చెడిపోయినట్టే తెచ్చి మీ చేతిలో పెడతానా? మర్యాద కాదు కదా!"

అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "జబ్బుకి మందేసి డాక్టరు దగ్గరికి తెస్తున్నారు బాబాయ్! సరే, మొదటిసారి మోగనప్పుడు ఎక్కడున్నారు?"

"ఎక్కడుంటాను తల్లీ? లిఫ్టులో."

అమ్మాయి కౌంటరు దాటి వచ్చేసింది. "సార్, మీరూ రండి."

ముగ్గురూ లిఫ్టెక్కారు. తలుపు మూసుకోగానే మేనేజరు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. ముఖం రంగు మారింది. ఆయన రోజూ మెట్లెందుకెక్కుతాడో అమ్మాయికి ఇప్పుడు తెలిసింది.

"భయపడకండి" అన్నాడు బాబాయ్ అలవాటుగా. "ఆ చప్పుడు తలుపుది. దానికి నూనె కావాలి, అంతే. పడిపోయే చప్పుడు వేరేగా ఉంటుంది."

"ఆ ముక్క చెప్పడం అవసరమా?" అన్నాడు మేనేజరు, కళ్ళు మూసుకుని.

లిఫ్టు కదలగానే ముగ్గురి ఫోన్లలోనూ గీతలు పోయాయి. కిందికెళ్ళి పైకొచ్చారు. బయటికి రాగానే ముగ్గురివీ గీతలు తిరిగొచ్చాయి. అమ్మాయి మేనేజరుకి ఫోన్ చేసింది. మోగింది. బాబాయ్‌కి చేసింది. ఆయన అరచేతిలో గీతలు నిండుగా వెలుగుతున్న ఫోను నోరు మూసుకుని కూర్చుంది. అమ్మాయి ఫోన్లోంచి మాత్రం, "మీరు పిలుస్తున్నవారు అందుబాటులో లేరు."

"ఇదిగో, ఇక్కడే ఉన్నాను!" అని అరిచాడు బాబాయ్, పట్టలేని సంతోషంతో.

"చూశారా సార్, ఒక్కసారి గీతలు పోయొచ్చాయంటే, ఆపి మళ్ళీ వేసేదాకా ఇది మోగదు" అంది అమ్మాయి.

మేనేజరు గడ్డం గోక్కున్నాడు. "పోనీ... లిఫ్టుల్లో వాడకండి."

"లిఫ్టు మెకానిక్‌ని సార్! మంచమ్మీద పడుకుని వాడుకోనా?"

"అమ్మేటప్పుడే ఆ మాట చెప్పారు సార్" అంది అమ్మాయి, గొంతు తగ్గించి. "లిఫ్టులోకి వెళ్ళొచ్చినా మోగాలన్నారు. మోగుతుందని మాటిచ్చింది నేనే. చెప్పిన పని చెయ్యని వస్తువు అమ్మితే మార్చాల్సింది మనమే, లేదా ఒప్పందం రద్దు చెయ్యాలి. ఆ సంగతి నాకు నేర్పింది మీరే."

మేనేజరు ఆ అమ్మాయి వంక చూశాడు. తర్వాత లిఫ్టు వంక చూశాడు. మళ్ళీ ఎక్కించేలా ఉన్నారనిపించిందో ఏమో, "కొత్తది తియ్యి. వేరే రకం" అన్నాడు. "ఈ పాతిక రోజులూ ఇంకెవరి పనీ..."

"రెండు వారాలే సార్."

"నాకు పాతికేళ్ళలా ఉంది. ఈ నెల బిల్లు కూడా కొట్టెయ్యి."

సాయంత్రం ఆయన మరో భవనంలో లిఫ్టు పెట్టె నెత్తిన మోకాళ్ళమీద ఉన్నాడు. ఫోనుకి భయపడి పని మానలేదు కానీ, ప్రతి అంతస్తులో తల బయటపెట్టి దానివంక చూస్తూనే ఉన్నాడు. మూడో అంతస్తులో తల బయటపెట్టగానే మోగింది. టార్చి నోట్లోంచి జారి ఒళ్ళో పడింది.

"ఏమయ్యా, వచ్చింది మా చెల్లెలు."

"బయల్దేరా టీచరమ్మా! కదలకండి! మెట్లవైపు చూడనైనా చూడకండి!"

ఆయన వెళ్ళేసరికి పెట్టెలన్నీ కారెక్కేశాయి. నిలబడే ఓపిక లేదని ఆవిడ వంటింట్లోని ఎర్ర ప్లాస్టిక్ స్టూలు లిఫ్టులో వేయించుకుని, దానిమీద కూర్చుంది. బస్సులో సీటు దొరికినంత దర్జాగా.

"పోనియ్" అంది.

మొన్న ఇరుక్కున్న చోటు దాటుతుంటే ఆవిడ ఆయన చొక్కా అంచు పట్టుకుంది. నేలకు చేరాక వదిలింది. తలుపు తెరుచుకుంది. అందరిలా ఆవిడ పరిగెత్తలేదు. మెల్లిగా లేచి, మొదటిసారిగా ఆయన ముఖంలోకి తేరిపార చూసింది.

"నువ్వు ఇంత పొట్టివాడివనుకోలేదు. గొంతు విని ఆరడుగులుంటావనుకున్నా."

"లోపలున్నవాళ్ళందరికీ అలాగే అనిపిస్తుంది టీచరమ్మా."

ఆవిడ నవ్వుతూనే కారెక్కింది. మలుపు తిరిగేదాకా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. వెనక పై అంతస్తులో ఎవరో మీట నొక్కారు. తలుపులు మూసుకున్నాయి. ఎర్ర స్టూలు ఒక్కటే పైకి ప్రయాణమైంది.