నూనె పోసిన డబ్బా

ఉన్న దేవుళ్లు సరిపోలేదేమో, పెంటవ్వ ఆ ఎండాకాలం ఇంకో దేవుణ్ణి చేర్చుకుంది. ఆ దేవుడు బాన్సువాడ నుంచి వర్ని పోయే దారిలో, రాజేశ్వర్ సేటు రైస్ మిల్లులో, వడ్లను పైకి మోసే ఎలివేటర్ టవర్ నెత్తిన ఇనుప దూలానికి వేలాడుతుంటాడు. చూడ్డానికి గుమ్మడికాయంత డబ్బా. లోపల ఉక్కుతాడు చుట్టుకుని ఉంటుంది. టవర్ ఎక్కే మనిషి ఒంటికి బెల్టులు బిగించుకుని, వీపు మీది కడియానికి ఆ తాడు కొక్కెం తగిలించుకుంటాడు. మెల్లగా ఎక్కుతుంటే తాడు డబ్బాలోకి చుట్టుకుపోతుంది, దిగుతుంటే వదులుతూ వస్తుంది. ఒక్కసారిగా గుంజితే మాత్రం లోపలి పళ్లు పట్టేసి టక్కున ఆగుతుంది. అంతే దాని మహిమ.

ఆ మహిమ పెంటవ్వ కొడుకు ఎల్లన్నకు అనుభవమైంది. యాసంగి వడ్లు వచ్చి పడుతున్న రోజుల్లో, టవర్ సగంలో నిలబడి, వడ్లను మోస్తూ పక్కకు జారిన రబ్బరు పట్టాను సరిచేస్తుంటే కాలు తప్పింది. మూరెడు దూరం పడ్డాడో లేదో తాడు పట్టేసింది. గాల్లో గిరగిరా తిరుగుతూ వేలాడాడు. కింద అందరూ గొంతులు చించుకుంటున్నారే గాని దింపే ఉపాయం ఒక్కరికీ తోచదు! మిల్లు స్టోరు చూసే భాగ్య ఎల్లన్నకు సొంత అక్క. పక్కనే వడ్లు నిల్వ చేసే బిన్ను మెట్లు పరుగున ఎక్కి, పై నడవ నుంచి చెయ్యి చాచి, డబ్బాకు ఉన్న పిడి పట్టుకుని తిప్పింది. తిప్పిన కొద్దీ తమ్ముడు కిందికి దిగాడు. కాళ్లు నేలకు తగిలాక వాడు ఏడ్చిన ఏడుపు పైదాకా వినిపించింది. ఆమె కూడా పిడి వదలకుండా అక్కడే నిలబడి ఏడ్చింది.

డబ్బా అమ్మిన కంపెనీ మనిషి వచ్చి నేర్పిపోయిన మాటలు భాగ్యకు కంఠతా వచ్చు. ఒకసారి మనిషిని ఆపిన డబ్బాను మళ్లీ వాడొద్దు. లోపల ఏం వంగిందో, ఏం అరిగిందో పైకి కనిపించదు. అందుకే కొక్కెం మెడలో ఒక ఏర్పాటు పెట్టారు. పడ్డ మనిషి బరువుకు ఆ మెడ సాగి, లోపల దాగున్న ఎర్ర పట్టీ బయటపడుతుంది. ఎరుపు కనిపించిందా, డబ్బా దింపి కంపెనీకి పంపాల్సిందే. మీరు విప్పొద్దు, నూనె అసలే పోయొద్దు. ఇన్ని మాటలు విన్నది కాబట్టే ఆమె సేటు చెవిలో జోరీగలా పోరి కొత్త డబ్బా తెప్పించింది. పాతదాన్ని స్టోరు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇవాళ పంపుదాం, రేపు పంపుదాం అని సేటు నాన్చుతూ వచ్చాడు.

ఈలోపు దసరా వచ్చింది. ఆ రోజు మిల్లులో మోటారు దగ్గర్నుంచి కాంటా దాకా అన్నిటినీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. మిల్లు ఊడ్చే పెంటవ్వ ఆ రోజు చీపురు ముట్టకుండా, కొత్త చీర కట్టుకుని వచ్చి కూతురి ముందు నిలబడింది.

"నా కొడుకును పట్టుకున్న దేవున్ని తీస్కపొయ్యి బీర్వల పెట్టి తాళమేస్తివి. పండుగనాడన్న బయటికి తియ్యవే బిడ్డా. జర బొట్టు పెడత."

పూజకే కదా అనుకుంది భాగ్య. తాళం తీసింది. తమ్ముడు గాల్లో తిరిగిన సంగతి గుర్తొచ్చింది. మొదటి బొట్టు తనే పెట్టింది. సాయంత్రం ఎల్లన్న డబ్బాను గుడ్డలో చుట్టి తెచ్చి బీరువాలో పెడితే తాళం వేసుకుంది. గుడ్డ విప్పి చూడాలని ఆమెకు తట్టలేదు. సొంత తమ్ముణ్ణి కూడా అనుమానిస్తామా?

దీపావళి పోయింది. వానాకాలం వడ్లు రావడం షురూ అయింది. నస్రుల్లాబాద్ వైపు నుంచి వచ్చిన ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు దాకా బారులు తీరాయి. అంత పని మీదున్నప్పుడు, ఒక మధ్యాహ్నం, పట్టా మళ్లీ జారింది. ఎల్లన్న బెల్టులు బిగించుకుని, కొక్కేనికి కట్టిన సన్నతాడు పట్టి పైనుంచి కిందికి గుంజాడు. స్టోరు గుమ్మంలో నిలబడ్డ భాగ్యకు ఆ కొక్కేనికి చిక్కుకున్న ఎండు బంతిపువ్వు కనిపించింది.

కొత్త డబ్బాకు బంతిపువ్వు ఎక్కడిది?

ఆమె గబగబా వెళ్లి కొక్కెం చేతిలోకి తీసుకుంది. మెడ నిండా కుంకుమ మెత్తి ఉంది. గోటితో గీకింది. కుంకుమ రాలింది గాని ఎరుపు పోలేదు. కింద ఎర్ర పట్టీ ఉంది.

"ఎల్లిగా, గిది పాతది! గీడికెట్ల వచ్చింది?"

ఎల్లన్న నేల చూపులు చూశాడు. "దసరనాడు నేనే నడవ మీదికెల్లి మార్చిన అక్కా. కొత్తదాన్ని గుడ్డల సుట్టి నీ బీర్వల పెట్టిన."

"పానం మీద ఆశ లేదారా నీకు?"

"ఆశ ఉన్నదనే మార్చిన. గిది నన్ను పట్టుకున్నది. గా కొత్తది ఎవ్వన్ని పట్టింది చెప్పు? దాన్ని నమ్మి నేనెట్ల ఎక్కాలె?"

చుట్టూ చేరిన హమాలీలు తలలూపారు. వాళ్లలో భద్రు పెద్దవాడు. "నిజమే గదమ్మా, చేతికచ్చిన సామాను విడిచిపెడ్తమా?" అన్నాడు. వాళ్లకు తెలిసిన లోకంలో అది న్యాయమైన మాటే. దారిలో ఆగిపోని ట్రాక్టరునే మళ్లీ కిరాయికి పిలుస్తాం. మనిషిని ఆపిన డబ్బానే మళ్లీ తగిలించుకుంటాం. పనిచేసి చూపించడమే దాన్ని పక్కనబెట్టడానికి కారణమంటే ఎవరి బుర్రకెక్కుతుంది!

భాగ్య కొక్కెం వదిలి తాడును చూసింది. కొత్తలో వదిలితే చటుక్కున పైకి చుట్టుకుపోయి చేతిని చురుక్కుమనిపించే తాడు, ఇప్పుడు తిని పడుకున్న పాములా బద్ధకంగా కదులుతోంది. దాని మీద జిగట, జిగట మీద ఊక దుమ్ము.

"గీ జిడ్డేంది?"

"నేనే పోసిన," అంది పెంటవ్వ చీపురు పక్కన పెట్టి, గొప్పగా. "పై నడవ ఊడ్వనీకి పోత గదా. మంగళారం మంగళారం దీపం పెట్టి, తాడు పొయ్యే సందుల ఇంత నువ్వుల నూనె పోస్త. ముందుగాల్ల కిర్రు కిర్రుమంటుండె. ఇప్పుడు సప్పుడే లేదు, సల్లగున్నది."

కిర్రుమనే ఆ చప్పుడు లోపలి పళ్లది. నూనె జిగటకు ఆ పళ్లు పట్టు తప్పుతున్నాయని భాగ్యకు అర్థమైంది. తల్లిని తిడదామంటే ఆ ముఖంలో కొడుకు మీది ప్రేమ తప్ప ఇంకేమీ లేదు.

"అవ్వా, దండం పెడత. ఇగ వాన్ని ఎక్కనియ్యకు."

"గా నోట గా మాటేందే? తమ్ముడు పనికి పొయ్యేటప్పుడు ఎదురు మాట్లాడ్తవా? వానికి ఏమన్న అయితే నీ నాలుకదే పాపం!"

ఎల్లన్న కొక్కెం అందుకున్నాడు. ఏం చేయాలో తోచక, ఆగమాగమై, భాగ్య నోటికొచ్చింది అనేసింది. "ముందుగాల వడ్ల బస్తా కట్టి పడెయ్యుండ్రి. ఆగకపోతే?"

"ఆగితే?" అన్నాడు ఎల్లన్న వెంటనే. "ఆగితే నువ్వు మల్ల నోరెత్తొద్దు."

"ఎత్త."

అన్నాక గాని ఆమెకు తెలియలేదు ఎంత తెలివితక్కువ పని చేసిందో. బస్తా ఆగకపోతే సరే. ఆగితే మాత్రం, ఆ డబ్బాకు అది రెండో దెబ్బ. ఒక దెబ్బ తిన్నదాన్నే వాడొద్దంటుంటే, తనే ఇంకోటి కొట్టిస్తోంది. కానీ భద్రు అప్పటికే బస్తా భుజానికెత్తాడు. టవర్ మొదటి అరుగు రెండు నిలువుల ఎత్తుంటుంది. నలుగురు పట్టి బస్తాను అక్కడికెక్కించి, మోకులు చుట్టి కొక్కెం తగిలించారు. ఒకటి, రెండు అని అరిచి తోసేశారు.

బస్తా పడింది. పడుతూనే ఉంది. భాగ్య కళ్లు మూసుకుంది. ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు! కళ్లు తెరిచేసరికి బస్తా మోకాలెత్తులో, నేలకు తగలకుండా ఊగుతోంది.

"సూస్తివా!" అని పెంటవ్వ రెండు చేతులూ పైకెత్తి డబ్బాకు మొక్కింది. "నా తండ్రి ఎన్నడు ఇడ్వడు!"

కానీ ఎంత దూరం జారిందో చూశారా ఎవరైనా? యాసంగిలో ఎల్లన్నను మూరెడులో పట్టిన తాడు ఇప్పుడు బస్తాను నిలువున్నర జారనిచ్చింది. టవర్ సగంలో కాలు తప్పి అంత జారితే, కింద అడ్డంగా ఉన్న ఇనుప కమ్ములకు తల తగలకుండా ఉంటుందా? ఈసారి నిలువున్నర, ఇంకోసారి అదైనా ఆగుతుందని ఎవరు చెప్పగలరు? భాగ్య ఈ మాటలన్నీ చెప్పబోయింది.

"అక్కా, మాటిచ్చినవ్," అన్నాడు ఎల్లన్న. వాడి ముఖం వెలిగిపోతోంది. బస్తా మోకులు విప్పి, కొక్కేన్ని వీపు వైపు తిప్పుకుంటున్నాడు.

భాగ్య నోరెత్తలేదు. మాట ఇచ్చింది కదా. స్టోరులోకి వెళ్లి, కడ్డీలు కోసే కట్టర్ రెండు చేతులా పట్టుకొచ్చింది. ఎల్లన్న తల తిప్పేలోపే ఉక్కుతాడును కొక్కేనికి జానెడు పైన కట్టర్ నోట్లో పెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా వేసి నొక్కింది. మొదటిసారికి తెగలేదు. రెండోసారి ఫట్‌మంది.

కొక్కెం ఎల్లన్న చేతిలో ఉండిపోయింది. బరువు లేని తాడు చర్రున పైకి పోయి డబ్బాలో దూరాలి. అది పోలేదు. కొంచెం కదిలి, గాలికి అటూ ఇటూ ఊగుతూ అక్కడే వేలాడింది. ఈలలేసినవాళ్లు నోళ్లు మూసుకుని పైకి చూశారు. భద్రు తన మెడ తడుముకున్నాడు.

పెంటవ్వ మాత్రం పైకి చూడలేదు. "నా కొడుకు ఉసురు కోసినవ్ గదనే!" అని నేల మీద కూలబడింది. "కడుపుల పుట్టిన బిడ్డవేనా నువ్వు? ఇగ నీ మొఖం సూడ!"

భాగ్య స్టోరులోకి నడిచింది. బీరువా తాళం తీసి కొత్త డబ్బా భద్రు చేతికిచ్చింది. భద్రూ ఇంకొకతనూ పాతది దింపి, దీన్ని బిగించారు. తాడు గుంజి వదిలితే చటుక్కున పోయింది, గట్టిగా లాగితే టక్కున పట్టింది. ఎల్లన్న కొక్కెం తగిలించుకుని నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి అరుగు దాటాడు. ఇంకో రెండు మెట్లెక్కి, నిచ్చెనను రెండు చేతులా కావలించుకుని ఆగిపోయాడు. కింది నుంచి ఎంతమంది పిలిచినా పలకలేదు. కాళ్లు వణుకుతుంటే ఇనుప మెట్టు టకటకమని చప్పుడు చేసింది. ఎలా దిగాడో దిగాడు. దిగి అక్క భుజం మీద తల ఆనించి, ఎవరికీ వినబడకుండా చెప్పాడు.

"నాతోని గాదక్కా. పడ్డ దినంకెల్లి నాకు పైకి సూస్తెనే భయం. గా డబ్బా ఉన్నదని ఎట్లనో ఎక్కుదామనుకున్న. గదాన్ని నువ్వు కోస్తివి."

ఆ మాట భాగ్య గుండెల్లో దిగబడింది. తమ్ముడి ప్రాణం కాపాడబోయి వాడి ధైర్యాన్ని కోసేసిందా? ఆ రోజు పట్టాను భద్రు ఎక్కి సరిచేశాడు. సేటు ఎల్లన్నను కాంటా దగ్గర కూర్చోబెట్టాడు. వాడు మళ్లీ టవర్ వైపు పోలేదు. పోతాడన్న ఆశ కూడా భాగ్యకు లేదు. పెంటవ్వ స్టోరు ముందు ఊడ్వడం మానేసి, ఆ నాలుగు గజాలూ దాటుకుని పోయేది. భాగ్య మజ్జిగ ముంతా చింతకాయ తొక్కూ పంపినా వెనక్కి వచ్చాయి. కన్నతల్లీ కూతురూ ఒకే గేటులోంచి వస్తూ పోతూ మాట్లాడుకోకుండా ఉండటం ఎంత నరకం! రాత్రుళ్లు భాగ్యకు బస్తా పడుతూ ఉండేది, ఆగేది కాదు.

వడ్ల సీజను తగ్గుముఖం పట్టాక, ఒక మంగళవారం, ఉండబట్టలేక తల్లిగారింటికి పోయింది. ఎల్లన్న వాకిట్లో సైకిలు కడుగుతున్నాడు. అక్కను చూసి, "లోపలున్నది, పో," అన్నాడు. కాస్త నవ్వినట్టే ఉంది.

లోపల దేవుని గూట్లో, పటాల పక్కన, ఆ పాత డబ్బా ఉంది. తాడు తెగినది ఎవడిక్కావాలని సేటు ఇచ్చేస్తే, పెంటవ్వ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుందట. పసుపు పూసి, బొట్లు పెట్టింది. చేతిలో నూనె సీసా ఉంది. మూత తీసి ఉంది గాని పోయడం లేదు. కూతురి అడుగుల చప్పుడు విని కూడా వెనక్కి తిరగలేదు.

"గిప్పుడన్న పోస్కోవచ్చునా దీనికి?" అంది గోడకేసి చూస్తూ.

భాగ్యకు ఏడుపు తన్నుకొచ్చింది. "పొయ్యవ్వా. నీకు మనసున్నంత పొయ్యి. ఇగ దీన్ని పట్టుకోని ఎవ్వలు ఎక్కరు."

పెంటవ్వ సీసా వంచబోయి ఆగింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. తర్వాత ఇటు తిరిగి, సీసాను కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వే పొయ్యి బిడ్డా. పట్టుకున్నది ఇదైనా, వాన్ని కిందికి దించింది నువ్వే గదా."