సైబర్ సెక్యూరిటీ సీటు

ఆళ్లగడ్డ బస్టాండు పక్కన మాబాషా బంకులో తాళం చెవి చేయించుకున్నవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. ఆకురాయి పట్టేది తాళం యజమాని కళ్లెదుటే. పని అవగానే అచ్చు తీసిన మైనాన్ని అక్కడే పిసికి చెరిపేస్తాడు. మారుచెవి దాచుకున్నాడన్న మాట ముప్పై ఏళ్లలో ఒక్కరూ అనలేదు. అంత జాగ్రత్త మనిషి కూడా, కూతురు గౌసియా చదువు దగ్గరికొచ్చేసరికి ఒక రంగుల కాగితానికి పడిపోయాడు.

నంద్యాలలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ పంచిన కాగితం అది. సైబర్ సెక్యూరిటీ బీటెక్, ఏడాదికి లక్షా ముప్పై వేలు, నాలుగేళ్లు. కింద ఉద్యోగాలు కొట్టిన పన్నెండుమంది ఫొటోలు, అందరి ఒంటిమీదా అద్దెకు తెచ్చిన కోట్లు. బంకు అమ్మైనా చేర్పిస్తానన్నాడు మాబాషా. గౌసియాకు ఒళ్లు మండింది. వారం రోజులు ఫోన్లు చేసి ఆ పన్నెండుమందిలో ఐదుగురిని పట్టుకుంది. ఒకడు నందికొట్కూరులో ఫోన్లకు గ్లాసులు అతికిస్తున్నాడు. ఇద్దరు బెంగళూరులో పన్నెండు వేల జీతానికి బ్యాంకు కార్డులు అంటగడుతున్నారు. మిగతా ఇద్దరు ‘ప్రిపేర్ అవుతున్నాం’ అన్నారు, దేనికో చెప్పలేదు. అదే నంద్యాలలో సర్కారు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ కోర్సుకు ఏడాదికి ఐదు వేలు. అక్కడ చదివినవాళ్లు ఊడబొడిచిందీ పెద్దగా ఏమీ లేదు, కానీ వాళ్ల నాయనల అంగళ్లు మిగిలాయి.

"ఆడ చదివినా పన్నెండు వేలే, ఈడ చదివినా పన్నెండు వేలే. ఐదు లక్షలు యాల నాయనా?"

"కాలేజీ చూసినాక మాట్లాడు," అన్నాడు మాబాషా.

కాలేజీలో ఏసీ గది, చేతికి మామిడిరసం గ్లాసులు. కౌంటరు వెనక కూర్చున్న ఫణీంద్రను చూడగానే గౌసియా గుర్తుపట్టింది. కాగితంలో మూడో ఫొటో, తొమ్మిది లక్షల ప్యాకేజీ. ఫోనుకు దొరకనివాడు ఇక్కడ దొరికాడు.

"కౌన్సెలింగ్ ఆప్షన్లు మీరు పెట్టుకోబల్లేదు చాచా, మేమే పెడతాం. మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చింటాది, చెప్పండి."

మాబాషా కళ్లజోడు సవరించుకున్నాడు. "నాలుగు... ఏడు..."

ఇంకో నాలుగంకెలు చదివితే ఆప్షన్లన్నీ ఈ కాలేజీకే పడతాయి, ఇక మార్చుకోవడానికి ఉండదు, బంకు పోతుంది. ఊరందరి తాళం చెవులు కాపాడిన మనిషి కూతురి చెవిని అడిగీ అడగ్గానే అప్పజెబుతున్నాడు. అదీ భద్రత నేర్పుతామనే చోట! గౌసియా ఫోను లాక్కుంది.

"ఏందమ్మే ఇది?" అని అరిచాడు మాబాషా.

గౌసియా ఫణీంద్ర వైపు తిరిగింది. "అన్నా, నువ్వు ఈడనే సైబర్ చదివినావు గదా. ఓటీపీ ఎవురికీ చెప్పొద్దని మొదటి రోజే చెప్పింటారే?"

అతని ముఖం కందిపోయింది. "ఈడికొచ్చినోళ్లందరూ ఓటీపీ చెప్తాండారమ్మా," అని గొణిగాడు.

"నీకు చెల్లెలుందా?"

"ఉంది."

"యాడ చదువుతాంది?"

ఫణీంద్ర వెనకనున్న ప్రిన్సిపాలు గది తలుపు వైపు ఒకసారి చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"సర్కారు డిగ్రీ కాలేజీలో."

మాబాషా మామిడిరసం గ్లాసు కౌంటరు మీద పెట్టేసి, కూతురి సర్టిఫికెట్ల కవరు చంకన పెట్టుకుని లేచాడు.

"ఆడికి ఆటో యాడ దొరుకుతాదప్పా?" అని ఫణీంద్రనే అడిగాడు.