తల్లులుండే చోటు

వాచ్‌మెన్ కర్రతో మా చెల్లెలు ఎలీసమ్మ వీపులో పొడిచి పిల్లల వార్డులోంచి బయటికి నెట్టాడు. లోపల దాని కూతురు రూతు మెదడువాపు జ్వరంతో మూలుగుతోంది. ఐదేళ్ల పిల్ల. "అమ్మా, పోబాకే" అని చెయ్యి చాపుతుండగానే తలుపు మూశాడు.

"చూసే టైమైపోయింది. పొండి, పొండి!"

"చూసిపోను వచ్చినదాన్ని కాదయ్యా, తల్లిని!"

"ఇక్కడందరూ తల్లులే. నడువు!"

అది ఎనభై ఆరు వేసవి. దర్శి అవతలి మెట్ట పల్లెల నుంచి, కొత్తపట్నం రేవు నుంచి, చావుబతుకుల్లో ఉన్న పిల్లల్ని భుజాన వేసుకుని మా పట్నం ఆసుపత్రికి వచ్చినవాళ్లంతా గేటు బయట మురుగుకాలవ పక్కన పడి ఉండేవాళ్లు. తారు కాళ్లకంటుకునే ఎండ. నేను మిర్చి యార్డులో హమాలీని. నా గుడిసె ఊరికి ఆ చివర. రమ్మంటే చెల్లెలు రానంది. "పిల్లకేమన్నా అయితే నన్నెవరు పిలుస్తారు అన్నయ్యా?" అంది. పని దిగాక నేనే వెళ్లి దాని పక్కన కూర్చునేవాణ్ణి.

వార్డు వెనకే పెద్ద హాలుంది. రోగుల కుటుంబాల కోసం కట్టిందే. మంత్రి వచ్చి రిబ్బను కత్తిరించి పోయాడు, ఆ వెంటనే తాళం పడింది. నిర్వహణ కాంట్రాక్టు మిర్చి వ్యాపారి వెంకటనారాయణది. కోల్డ్ స్టోరేజీలో చోటు చాలక తన బస్తాలన్నీ అందులో వేయించుకున్నాడు. మిరపకాయలకు నీడ, మనుషులకు ఎండ!

మా దగ్గర్లోనే హనుమాయమ్మ అనే పత్తి రైతు భార్య ఉండేది. ఆమె కొడుక్కి ఆగకుండా మూర్ఛలు. మేం మాలపల్లి వాళ్లమని తెలిశాక తన నీళ్ల కూజా మా చాప నుంచి దూరంగా జరుపుకుంది.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లాడికి మూర్ఛ వచ్చి మంచం మీద నుంచి పడ్డాడు. అంత వార్డుకీ నర్సు ఒక్కతే. ఆమె చూసేసరికి నుదురు పగిలి నెత్తురు కారుతోంది. తలుపులు తీశాక హనుమాయమ్మ లోపలికెళ్లి ఆ కట్టు చూసింది. ఏడవలేదు. నేరుగా పెద్దడాక్టరు గదికెళ్లింది. మేమూ వెనకే వెళ్లాం.

"మమ్మల్ని లోపలుండనియ్యండి, లేకపోతే ఆ హాలన్నా తియ్యండి" అంది.

"రూల్సు నేను పెట్టలేదమ్మా. హాలు కాంట్రాక్టరు చేతిలో ఉంది" అన్నాడాయన, తలెత్తకుండా.

ఆ సాయంత్రం గేటు బయట అందరం ఒకచోట చేరాం. తాళం పగలగొడదామన్నాన్నేను. కౌలురైతు యలమందయ్య భయపడ్డాడు.

"ఒరేయ్ యేసుపాదం, మన పిల్లలు వాళ్ల చేతుల్లో ఉన్నార్రా! కోపం తెచ్చుకుని సూదెయ్యకపోతే ఏం చేస్తాం? కాంట్రాక్టరు కాళ్లు పట్టుకుందాం."

ఆ భయం మా అందరిలోనూ ఉంది.

"ఇప్పటిదాకా పట్టుకున్నది కాళ్లేగా బాబాయ్!" అంది ఎలీసమ్మ. "మెదలకుండా ఉంటేనే ఆ పిల్లాడి తల పగిలింది. రేపు నా పిల్ల. ఎల్లుండి నీ మనవడు."

హనుమాయమ్మ లేచి వచ్చి ఎలీసమ్మ పక్కన, మా చాప మీదే కూర్చుంది. "నేనొస్తా. గునపం తెండి" అంది.

తెల్లవారాక, అందరూ చూస్తుండగానే తాళం పగలగొట్టాం. తలుపు తీయగానే ఘాటు ముఖాన కొట్టింది. దగ్గుతూ, కళ్లు మండుతూ, ఒక్క కాయ రాలకుండా బస్తాలన్నీ మోసి బయట పేర్చాం. ఆడవాళ్లు నేల కడిగి చాపలు పరిచారు. కిటికీలోంచి వార్డు కనిపిస్తోంది. పిల్లలు ఏడిస్తే వినిపిస్తోంది.

పొద్దెక్కేసరికి వెంకటనారాయణ పోలీసుల్ని, లారీని, యార్డు హమాలీలను వెంటేసుకుని వచ్చాడు. హమాలీల మేస్త్రీ నాగూర్ వలిని పిలిచాడు.

"ఒరేయ్ వలీ, బస్తాలు మళ్లీ లోపలెయ్యండి!"

నాగూర్ వలి లోపలికి తొంగి చూశాడు. గోడవారన బాలింతలు, ముసలివాళ్లు. ఒకామె పాలు పిండి గిన్నెలో పట్టుకుంటోంది, వార్డులో ఉన్న బిడ్డకి.

"ఎక్కడెయ్యమంటారయ్యా? వీళ్ల మీదా?"

"నోరు లేస్తోందే! రేపు యార్డులో అడుగు పెట్టవు."

"పెట్టనులెండి" అని భుజం మీది గోనెపట్టా తీసి కింద పడేశాడు వలి. అతని వెనక హమాలీలంతా పడేశారు. లాఠీలు లేచాయి. వలినీ నన్నూ జుట్టు పట్టుకుని వ్యాను దగ్గరికి లాక్కెళ్లారు. తలుపుకడ్డంగా నిలబడిన ఎలీసమ్మనూ ఈడ్చారు.

"నా పిల్ల! అయ్యా, నా పిల్ల లోపలుంది!"

హనుమాయమ్మ పోలీసుల మధ్య నుంచి తోసుకొచ్చి దాని చెయ్యి పట్టుకుంది. "నేనుంటా ఎలీసమ్మా. నా కొడుకు పక్కనే పెట్టుకుని చూసుకుంటా."

ఈసారి ఆమెను వార్డులోంచి గెంటడానికి వాచ్‌మెన్‌కి ధైర్యం చాలలేదు. మేం ఇంకా లాకప్పులో ఉండగానే రూతు ఆమె ఒళ్లో కన్నుమూసింది. చివరిదాకా అమ్మేదని అడుగుతూనే ఉందట. మమ్మల్ని వదిలాక, పాతిపెట్టడానికి మాత్రమే తల్లి చేతికి బిడ్డ దొరికింది.

సమాధుల దొడ్డి నుంచి ఎలీసమ్మ ఇంటికి రాలేదు. ఆసుపత్రికి నడిచింది. నేను ఆపలేదు. హాలుకు కొత్త తాళం, ముందు పోలీసులు. జనం మళ్లీ రోడ్డు మీదే ఉన్నారు. అది వెళ్లి ఆ తలుపు ముందు కూర్చుంది. ఎస్సై దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నీ పిల్ల పోయిందిగా. ఇంకా నీకిక్కడేం పనే?"

ఎలీసమ్మ వార్డు వైపు చూపించింది.

"అందులో ఇంకా పిల్లలున్నారు."

గేటు బయట నుంచి హనుమాయమ్మ వచ్చి దాని పక్కన కూర్చుంది. తర్వాత యలమందయ్య. తర్వాత నాగూర్ వలి, అతనితో పని పోయిన హమాలీలంతా. పక్క వార్డుల్లోంచి కూడా మనుషులు చాపలు చంకన పెట్టుకుని దిగి వస్తున్నారు. ఎస్సై ఇంకో వ్యాను కోసం కబురు పంపాడు.

"రెండు పిలిపించండి. ఒకటి చాలదు" అంది హనుమాయమ్మ.