ఖాళీ ఉయ్యాల ఊపిన మధ్యాహ్నం

మిక్లోష్ తాతగారు జీడిపిక్కల షెడ్డులో నా పక్క పీట మీద కూర్చుని పిక్కలు కొడుతున్నారు, ఆయన పోయి మూడేళ్ళయిందని నాకు తెలుసు, ఆయనకీ తెలిసినట్టే ఉంది, అయినా ఆ మాట ముందు ఎవరు ఎత్తాలో తేలక ఇద్దరం తలలు వంచుకుని పని చేసుకుంటున్నాం. షెడ్డు మా పలాసదే, కానీ గోడలుండాల్సిన చోట పొగలాంటిదేదో నిలబడి ఉంది, ఆ పొగలోంచి ట్రాము గంట వినిపిస్తోంది, నేను పుట్టి బుద్ధెరిగి ట్రాము చూడలేదు, అయినా అది ట్రాము గంటేనని ఎవరూ చెప్పకుండానే తెలుస్తోంది. తాతగారి వేళ్ళు జీడి అంటి నల్లబడిపోయాయి.

"బూడిద రాసుకోండి తాతగారూ, నేకపోతే తోలు ఊడొస్తాది."

"ఊడనివ్వండి కుసుమగారూ. ఇక ఆ తోలుతో నాకు పని ఏమున్నది?" అంటారు ఆయన, పుస్తకంలోంచి నేర్చుకున్న ఆ శుభ్రమైన తెలుగులో.

నన్ను 'గారూ' అని పిలిచిన మొదటి మనిషి ఈయనే. అప్పటికి నాకు పదమూడేళ్ళు, ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించేస్తే మామ్మ వెనకాల షెడ్డుకి వస్తున్నాను. హంగరీ అనే దేశం నుంచి ఒక ముసలాయన దిగాడని, ఆయన అక్కడ పెద్ద పాటలు కట్టేవాడని, పాటల మీద లావుపాటి పుస్తకాలు రాసినవాడని, ఆడవాళ్ళు పనిచేస్తూ పాడుకునేవీ పిల్లల్ని పడుకోబెడుతూ పాడేవీ దేశదేశాలూ తిరిగి మిషన్లోకి ఎక్కించుకుంటున్నాడని షెడ్డంతా చెప్పుకున్నారు. మామ్మ ఆయన పేరు అడిగింది. వెరెబ్ మిక్లోష్ అన్నారు, మా దేశంలో కూడా మీలాగే ఇంటిపేరు ముందు చెప్తాం, వెరెబ్ అంటే పిచ్చుక అన్నారు. ఆ పూట నుంచి మా మామ్మకి ఆయన పిచ్చుకలోరి బాబు.

ఇప్పుడు మామ్మ కూడా ఇక్కడే ఉంది, కొంచెం దూరంలో, మాకు వీపు పెట్టి. ఆమె పోయి ఆరేళ్ళు. వీపు చూస్తేనే తెలుస్తోంది, ఈ రోజు కోపంగా లేదు.

"మీరు నన్ను ఏదో అడుగుటకు వచ్చారు" అంటారు తాతగారు.

"నానెక్కడికొచ్చాను? మీరే వచ్చారు."

"కాదు. మీకు నిద్ర పట్టినది. పట్టకూడని చోట."

ఆ మాటతో ఒళ్ళోకి చూసుకుంటాను, ఒళ్ళో పాప ఉండాలి, పాప లేదు, జీడిపిక్కలున్నాయి, కొంగు నిండా ఉన్నాయి, వెతుకుతున్నకొద్దీ పెరుగుతున్నాయి. అప్పుడు అంతా గుర్తొస్తుంది. నేను విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో చెవుల పరీక్ష గది బయట బల్ల మీద ఉన్నాను, మా మోక్షితకి నాలుగు నెలలు, పరీక్ష చెయ్యాలంటే బిడ్డ నిద్రలో ఉండాలట, అందుకని తెల్లారగట్ట నుంచీ పడుకోనివ్వకుండా తీసుకురమ్మన్నారు, ఇక్కడికొచ్చాక పడుకోబెట్టమన్నారు. నేను దాన్ని పడుకోబెట్టాలి. పడుకోబెట్టకుండా నేనే పడుకున్నాను.

"మా పాపకి పుట్టినప్పుడు చేసిన పరీక్షలో రెండు చెవులూ పలకలేదు తాతగారూ. మళ్ళీ చెయ్యాలని రాశారు కాగితం మీద. మళ్ళీ పరీక్షంటే ఫెయిలైనోళ్ళకే గదా పెడతారు. ఎనిమిదో తరగతి వరకే చదివినా ఆ మాత్రం నాకు తెలుసు." ఇంకా చెప్పాలని ఉంటుంది. పళ్ళెం కింద పడితే ఉలిక్కిపడిందని మా ఆయన అంటాడు, నేల అదిరినందుకు పడిందేమోనని నేను అంటాను, గిలక్కాయ ఊపితే చూసిందని అత్త అంటుంది, ఊపే చెయ్యి కనబడి చూసిందేమోనని నేను అంటాను, రోజంతా ఇదే, చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు మంటలు. ఇవన్నీ నేను పైకి అనలేదు, కానీ ఆయన అన్నిటికీ తలూపుతున్నారు.

"ఆ కాగితం ఇచ్చినప్పటి నుంచి నాను పాట మానేశాను. వినపడని పసిగుంటకి పాడితే నన్ను నానే మోసం చేసుకున్నట్టుంటాది."

ఇక దాచుకోలేను. "ఇదంతా మీ వల్లే తాతగారూ. ఆ రోజు ఖాళీ ఉయ్యాల ఊపించారు నా చేత."

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పాట పాడేసి మామ్మ నీళ్ళ కోసం కుళాయి దగ్గరికెళ్ళింది. ఆయనకి పాట దొరికింది, దాంతోపాటు దూలం మీద తాడు రాసుకునే చప్పుడు కూడా కావాలన్నారు. పక్కింటి పిల్లాణ్ణి పడుకోబెడితే మైకు చూసి గుక్కపట్టి ఏడ్చాడు, వాళ్ళమ్మ ఎత్తుకుపోయింది. ఊరికే ఊపండి కుసుమగారూ అన్నారు. ఊపాను. చాలాసేపు ఊపాను, కిర్రు కిర్రు అని తాడు, ఆయన కళ్ళు మూసుకుని. మామ్మ బిందెతో వచ్చి చూసి తడిచేత్తో నా వీపు మీద ఒక్కటిచ్చింది. "బుర్ర నేదేటే నీకు? ఖాళీ ఉయ్యాల ఊపుతారేటే? రేపు నీ కడుపున పుట్టే గుంటకి కీడు తగలదేటే?" మిషను తిరుగుతూనే ఉంది. ఆయనకి ఆ మాటలు అర్థం కాలేదు. పాటలో మిగతా చరణం అనుకున్నారు.

"ఉయ్యాల ఖాళీగా లేదు" అంటారు తాతగారు మెల్లగా. "అందులో నా మైకు పడుకుని ఉన్నది. బొచ్చు టోపీ పెట్టుకుని."

"ఎలుగుపిల్లలాగుండేది" అంటుంది మామ్మ, వెనక్కి తిరక్కుండా.

"మైకు గుంటేటి తాతగారూ?"

ఆయన చేతిలో పిక్క కింద పెడతారు. "కాదు" అంటారు. "మిమ్మల్ని ఓదార్చుటకు అన్నాను. క్షమించండి."

పొగ కొంచెం జరుగుతుంది, జరిగిన చోట కిందికి మెట్లు కనిపిస్తాయి, మేమిద్దరం దిగుతున్నాం, దిగుతుంటే తాతగారు చిన్నవాడైపోతున్నారో మెట్లు పెద్దవవుతున్నాయో తెలియడం లేదు. కింద ఒక నేలమాళిగ, జనం గోడల వెంట దుప్పట్లు కప్పుకుని కూర్చుని ఉన్నారు, పైనెక్కడో బాంబు పడితే కప్పు మీది సున్నం అందరి జుట్లమీదా రాలుతోంది. నీళ్ళ గొట్టానికి బెల్టుతో ఒక బట్టల బుట్ట వేలాడదీసి ఉంది.

"అది యుద్ధకాలము. నాకు ఆరేళ్ళు. మా చెల్లెలు ఇలోంక. మీ పాప వయసే" అంటారు ఆయన. "అమ్మకు పాలు రాలేదు. పదకొండో రోజున ఎవరో దుప్పటిలో చుట్టి పైకి తీసుకుని పోయారు. ఆ సాయంకాలం మా అమ్మ మళ్ళీ బుట్టను ఊపుట మొదలుపెట్టినది. ఖాళీ బుట్టను. పాడుతూ. అందరూ మతి పోయినదన్నారు. నేనూ అట్లే అనుకున్నాను. మరునాడూ ఊపినది. ఆ మరునాడూ."

బుట్ట దానంతటదే ఊగుతోంది. బెల్టు గొట్టానికి రాసుకుని కిర్రుమంటోంది, అచ్చం మా దూలం మీది తాడులా.

"ఎందుకు ఊపిందో అడగలేదా?"

"అడుగుటకు నలభై ఏళ్ళు పట్టినది. అప్పుడామె అన్నది కదా, 'పిచ్చివాడా, నీ కోసం ఊపాను. ఆ చప్పుడు ఆగితే నీవు కళ్ళు తెరిచి చెల్లెలు ఏదని అడిగేవాడివి' అని."

తాతగారి జుట్టు మీద సున్నం పడి ఉంది, తుడుద్దామంటే నా వేళ్ళు నల్లగా ఉన్నాయి.

"తరువాత నా జీవితమంతా ఆ చప్పుడు వెనుకనే తిరిగాను కుసుమగారూ. సంగీత కళాశాలలో మా గురువుగారు మమ్మల్ని పల్లెలకు పంపేవారు, పాటలు రాసుకుని రమ్మని. తక్కినవారు వరసలు తెచ్చేవారు. నేను తాళ్ళు, బుట్టలు, తొట్టి కింద కాలి చప్పుడు, అవి కూడా రాసుకుని వచ్చేవాడిని. ఆయన ఎర్ర పెన్సిలుతో కొట్టివేసేవారు, ఇది గోల, సంగీతం కాదు అని. మూడు పుస్తకాలు రాశాను. ఎవరు చదివారో తెలియదు. కోరస్‌కి ఒక పెద్ద పాట కట్టాను, అందులో మగవారు పాడరు, గొంతుతో తాడులాగ కిర్రుమంటారు. మొదటి ప్రదర్శనలో జనం దగ్గుతూ కూర్చున్నారు. పత్రికలో ఒక వాక్యం వచ్చినది. అందులో నా పేరు తప్పు."

"అయ్యో."

"ఇంకా ఉన్నది. ఆ పాట చివర ఆడవారు మీ మామ్మ మాటలు పాడారు. 'బుర్ర నేదేటే నీకు.' నల్ల బట్టలు వేసుకుని, నలభైమంది, ఎంతో భక్తిగా. ఏడుసార్లు."

మామ్మ నవ్వు వినిపిస్తుంది, షెడ్డులో పదిమందికీ అంటుకునే ఆ నవ్వు. "ఒలమ్మో! నా తిట్టు అంత దూరమెల్లిపోనాదేటి? పిచ్చుకలోరి బాబూ, నీ బుర్ర సల్లగుండ!"

నేనూ నవ్వుతాను, నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చేస్తుంది. ఆయన మాత్రం నవ్వలేదు.

"తరువాత మీ వైపు కాలేజీ తెలుగు మాస్టారు ఒకరు మా ఊరు వచ్చి విన్నారు. అది జోల కాదండీ, తిట్టు అన్నారు. ఎందుకు తిట్టారు అని అడిగాను. చెప్పారు. ఆ రోజే ఆ పాటను ఆపించివేశాను. మీకు ఉత్తరం రాశాను. అది బల్ల మీదనే ఉండిపోయినది. మీకు బిడ్డ పుట్టలేదు కదా, పుట్టినప్పుడు పంపవచ్చును, అంతా బాగున్నదని తెలిసిన తరువాత పంపవచ్చును అనుకున్నాను. భయం. అంతే."

"మీ వల్లే అయ్యిందంటారా తాతగారూ? నాను ఊపడం వల్లే?"

"మా అమ్మ ఊపినది. నేను నిద్రపోయాను. నాకు తెలిసినది ఇంతే."

నేలమాళిగ ఇప్పుడు గదిలా ఉంది, గదిలో పియానో, దాని మీద జీడిపొట్టు పరుచుకుని ఉంది. తాతగారు మళ్ళీ ముసలివారయ్యారు, పియానో చెక్క మీద గడ్డం ఆనించి కూర్చున్నారు.

"చివరి నాలుగేళ్ళూ నాకు చెవులు లేవు. మీ పాటలన్నీ ఇట్లా విన్నాను, ఎముకతో. స్పీకరు ఇక్కడ పెట్టి, దవడ ఇక్కడ పెట్టి. ఇప్పుడు పాడండి."

"పాడను. మీకెలాగూ వినపడదు."

అనేసి నాలుక కరుచుకుంటాను. ఆయనకి కోపం రాలేదు. మామ్మే అందుకుంటుంది. "పాడవే. ముసిలోడు అడుగుతన్నాడు గదా. నోరరిగిపోద్దేటే?"

"అనుమతి ఉన్నదా?" అని అడిగి, డాక్టరు నాడి చూసినట్టు తాతగారు రెండు వేళ్ళు నా గొంతు గుంటలో పెడతారు. ఆ వేళ్ళు చల్లగా ఉంటాయనుకున్నాను, వెచ్చగా ఉన్నాయి. నాలుగు నెలలుగా మూసుకున్న గొంతు కదా, మొదట గాలే వస్తుంది, తర్వాత పాటొస్తుంది. షెడ్డు నుంచి వచ్చాక మామ్మ నా తమ్ముడికి పాడే పాట.

*పొయ్యారిపోనాది పడుకోవె కూనా,*
*పొద్దు గుంకిపోనాది పడుకోవె కూనా,*
*మసిచేతులమ్మొచ్చె మడి దాటి కూనా...*

పాడుతూనే అడగాలని చూస్తాను, మా పాపకి వినపడుద్దా అని, పాటలోంచే అడుగుతాను, మాటలు పాట వరసలోనే వస్తాయి.

"నాకు తెలియదు" అంటారు ఆయన. "నేను పాటలవాణ్ణి. పోయిన తరువాత అన్నీ తెలుస్తాయని మీ మామ్మ చెప్పినది. ఏమీ తెలియలేదు."

"నానెప్పుడన్నానయ్యా?" అంటుంది మామ్మ.

ఆమాత్రం చెప్పలేకపోతే ఎందుకొచ్చారు ఇంత దూరం? పాట తెగిపోతుంది. తెగిన వెంటనే తాతగారి వేళ్ళు నా గొంతు మీద తడుముకుంటాయి, చీకట్లో గోడ వెతుక్కునేవాడిలా, ఆయన ముఖం ఆరేళ్ళ పిల్లాడి ముఖమై భయంగా నా వైపు తిరుగుతుంది. "ఆపకండి" అంటారు. "కుసుమగారూ, ఆపకండి." ట్రాము గంట దగ్గరికొస్తోంది, పొగ మామ్మ వీపుని కప్పేస్తోంది, నేను పాట అందుకోవాలని నోరు తెరుస్తాను...

"ఏటమ్మా, నిద్దట్లో పాడతన్నావు?"

కళ్ళు తెరిచాను. పక్క బల్ల మీది ఆవిడ నన్నే చూస్తోంది. "మా అత్త గురక పెడతాది గానీ, పాడినోళ్ళని ఇదే సూడ్డం." గోడ గడియారంలో పన్నెండు దాటింది. ఫినాయిల్ వాసన. ఎవరిదో సెల్‌ఫోను మోగుతోంది.

మోక్షిత నా ఛాతీ మీద బోర్లా పడుకుని నిద్రపోతోంది. ఎప్పుడు పడుకుందో నాకు తెలియదు. దాని కుడిచెయ్యి నా గొంతు గుంటలో ఆనించి ఉంది, అరచెయ్యి పరిచి, చెమటకి అంటుకుపోయి. నా గొంతులో ఇంకా పాట కూనిరాగంలా తిరుగుతోంది, మాటల్లేకుండా. ఒక్క క్షణం ఆపాను. ఐదు వేళ్ళూ ముడుచుకుని నా గొంతు మీద తడుముకున్నాయి. మళ్ళీ అందుకున్నాను. విప్పారి పరుచుకున్నాయి.

చెవి కాదది, చెయ్యి. నాకు తెలుసు. మళ్ళీ ఆపి చూసే ధైర్యం లేకపోయింది.

గది తలుపు తెరుచుకుంది. "మోక్షిత ఎవరండీ? పాప పడుకుందా?" అని నర్సు పిలిచింది.

జవాబు చెప్పాలంటే పాట ఆపాలి. తలూపి, పాడుతూనే లేచాను.