పాత సీసా, పచ్చి దుంప

నాలుగేళ్ల చాకిరీ శుక్రవారంతో బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది. పరిశోధకురాలు చెప్పేది ఒకటే మాట. హైడ్రోజన్ పెరాక్సైడు పోస్తే కణం మీద ఆక్సీకరణ ఒత్తిడి పడుతుంది. అది కొద్దిగా ఉంటే కణం ముడుచుకుని, పక్కవాటికి ఇబ్బంది లేకుండా బుద్ధిగా చస్తుంది. మితిమీరితే ఆ ఓపికా మిగలక ఉబ్బి పగిలిపోతుంది. మొదటిసారి అచ్చం అలాగే జరిగింది. ఈ నెలలో మూడుసార్లు చేస్తే మాత్రం పెద్ద మోతాదుకు కూడా ముడుచుకునే చచ్చాయి, మాయదారి కణాలు!

"ఏది నమ్మమంటావమ్మా? శుక్రవారంలోగా తేల్చు. లేదంటే ఈ పని వదిలెయ్," అన్నాడు ప్రొఫెసరు. ల్యాబంతా ఆయన్ను చాటుగా పిసినారి మామయ్య అంటారు. పాత సీసా ఖాళీ అయితే గాని కొత్తదాని మూత తీయనివ్వడు మహానుభావుడు.

ఆమె క్యాంటీన్‌లో కూర్చుని ఏడుపు దిగమింగుకుంటోంది. వంటావిడ బంగాళాదుంపలు తరుగుతోంది.

"ఏంటమ్మా, మొహం అలా వేలాడేశావు?"

"నా కణాలు పగలట్లేదు పిన్నీ."

"పగలకపోతే మంచిదేగా! ఇక్కడ రోజుకో కప్పు పగులుతోంది."

నవ్వబోయి, ఆవిడ చేతిలోని దుంప చూసి ఆగిపోయింది. పచ్చి దుంప మీద పెరాక్సైడు చుక్క వేస్తే నురగ రావాలి. చుక్కలో పస ఉంటేనే వస్తుంది.

"పిన్నీ, రెండు ముక్కలివ్వవూ!"

ల్యాబులో పాత సీసా చుక్కకు నాలుగు బుడగలొచ్చాయి, అంతే. అయ్యేదేదో అవుతుందని కొత్త సీసా మూత తీసేసింది. రెండో ముక్క మీద నురగ బుస్సున పొంగింది. ఓరి నీ దుంపతెగ! కిటికీ వెలుతురులో నెలల తరబడి ఉన్న పెరాక్సైడు నీరుగారిపోయింది. పెద్ద మోతాదనుకుని ఇన్నాళ్లూ పోసింది చిన్న మోతాదే.

కొత్త సీసాతో కణాల పళ్లేలు మళ్లీ మూడు జతలు సిద్ధం చేసింది. శుక్రవారం ప్రొఫెసరు మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. చిన్న మోతాదు పళ్లేల్లో ముడుచుకున్నవి, పెద్ద మోతాదు పళ్లేల్లో పగిలినవి. మూడు జతల్లోనూ అంతే. ఆయన తలెత్తాడు.

"కొత్త సీసా ఎవర్నడిగి తీశావు?"

"దుంపనడిగానండీ."

సంగతంతా విన్నాక ఆయన లేచి, పాత సీసాలో మిగిలింది తన చేత్తోనే సింకులో ఒంపేశాడు. ల్యాబు ల్యాబంతా నోరు తెరిచి చూసింది.

"పేపరు రాసెయ్యమ్మా. ముందు నీ పేరే," అన్నాడు.

ఆమె సంతోషం పట్టలేక రెండేసి మెట్లు దూకుతూ పరుగెత్తింది.

"పిన్నీ! పగిలాయి పిన్నీ, అన్నీ పగిలాయి!"